బరువు పెరిగితేనే పంపకం: రెండు అర్ధగోళాలు ధ్యాసను పంచుకునే తీరు

మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ‘రైట్ బ్రెయిన్ ట్రైనింగ్’ అనే మాట కొత్తేమీ కాదు. లెక్కలంటే పారిపోయే పిల్లవాడిది కుడి మెదడనీ, బొమ్మ గీయడం రాని ఇంజనీరుది ఎడమ మెదడనీ బెంగళూరు తెలుగిళ్ళలో మామూలుగా అనేస్తుంటారు. ఇందులో పిసరంత నిజం ఉంది, కానీ ఆ క్లాసుల వాళ్ళు అమ్మేది దాన్ని కాదు. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం పరిశోధకులు 7 నుంచి 29 ఏళ్ళ వయసున్న 1,011 మంది స్కాన్లు తీసుకుని, ఒక్కో మెదడునూ 7,266 ముక్కలుగా లెక్కగట్టి, ఏ ముక్క ఏ వైపుకు మొగ్గుతోందో చూశారు. మాటకు సంబంధించిన చోట్లు ఎడమకు, ధ్యాసకు సంబంధించినవి కుడికి మొగ్గాయి. ఒక మనిషి మెదడు మొత్తానికి మొత్తంగా ఏదో ఒక పక్షం వహించినట్టు మాత్రం దాఖలా దొరకలేదు.

సబ్జెక్టులవారీ పంపకం లేదు సరే, మరి మెదడు రెండు సగాలు, అంటే రెండు అర్ధగోళాలు, పంచుకునేది దేన్ని? రెండింటిని. చుట్టూ ఉన్న జాగాలో ఎటు పక్కను ఎవరు కనిపెట్టుకోవాలన్నది ఒకటి. పని ఎంత బరువెక్కితే పక్కవాణ్ణి సాయం పిలవాలన్నది రెండోది. ఇంటర్నెట్‌లో మొదటిదాన్ని గురించి ఎంతో కొంత దొరుకుతుంది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, నిజానికి రోజువారీ బతుకులో ఎక్కువ పనికొచ్చేది అదే.

తీగలు ఎటు పోతున్నాయి

బెంగళూరు హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ ఆస్పత్రిలో బ్రెయిన్ మ్యూజియం ఉంది. అక్కడ భద్రపరిచిన మనిషి మెదడును చేత్తో పట్టుకుని చూడొచ్చు. నిలువునా మధ్యకు కోసిన మెదడులో, ముడతల కింద, విల్లులా వంగిన తెల్లటి పట్టీ కనబడుతుంది. దాని పేరు కార్పస్ కల్లోసమ్. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు, అందులోంచి ఇటూ అటూ పోయే నరాల పోగులు దాదాపు 20 కోట్లు. రెండు అర్ధగోళాల మధ్య నడిచే రాకపోకల్లో పెద్ద వాటా దీని మీదుగానే.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. ఎడమ కన్ను చూసింది కుడి మెదడుకు పోతుందని చెబుతుంటారు, అది తప్పు. చూపు ఎక్కడ నిలిపామో ఆ బిందువుకు ఎడమన ఉన్నదంతా, రెండు కళ్ళలోంచీ, కుడి అర్ధగోళానికి చేరుతుంది. కుడిన ఉన్నది ఎడమ అర్ధగోళానికి. అంటే హద్దు కళ్ళ మధ్య లేదు, చూపు మధ్యలో ఉంది. చూపు కదిలితే హద్దూ కదులుతుంది.

1960లలో లాస్ ఏంజెలెస్‌లో మందులకు లొంగని మూర్ఛ ఉన్న కొందరికి కార్పస్ కల్లోసమ్‌ను కత్తిరించారు. రోజర్ స్పెర్రీ, మైకేల్ గజానిగా వాళ్ళను పరీక్షించారు. ఎడమ పక్కన మెరిపించిన వస్తువు పేరు చెప్పమంటే ‘ఏమీ కనపడలేదు’ అనేవారు, కానీ ఎడమ చేయి మాత్రం తడిమి అదే వస్తువును బయటికి తీసేది. చూసిన కుడి సగం ఎడమ చేతిని నడుపుతుంది గానీ దానికి నోరు లేదు, నోరున్న ఎడమ సగానికి కబురు అందలేదు. స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. ఈ కథ అందరూ చెప్పేదే.

తక్కువ చెప్పేది ఆ వంతెన దాటడానికయ్యే ఖర్చు గురించి. 1912లో పోఫెన్‌బెర్గర్ అనే పరిశోధకుడు ఒక పక్క వెలుగు మెరిపించి, అదే పక్క చేత్తో ఒకసారి, అవతలి చేత్తో ఒకసారి మీట నొక్కించాడు. అవతలి చేత్తో నొక్కినప్పుడు కబురు వంతెన దాటాలి. తర్వాత ఎన్నో ప్రయోగశాలల్లో ఇదే పద్ధతిలో తేలిన తేడా సగటున 3, 4 మిల్లీసెకన్లు. చూడ్డానికి ఏమీ కాదు. కానీ అది ‘వెలుగు కనబడింది’ అన్న ఒక్క ముక్కకే. అక్షరం ఆకారమో, పోలికో పంపాలంటే అంతకన్నా ఎక్కువవుతుంది.

కుర్చీకి ఒకరు, బీరువాకు ఇద్దరు

1990లో మేరీ బానిచ్, ఐసెనిల్ బెల్గర్ చేసిన ప్రయోగాలు ఈ ఖర్చును తూచాయి. తెర మీద పైన రెండు అక్షరాలు, ఎడమన ఒకటి, కుడిన ఒకటి. కింద మూడో అక్షరం, ఏదో ఒక పక్కకు. కింది అక్షరం పైవాటిలో ఒకదానితో జత కలుస్తుందా లేదా చెప్పాలి. జత ఒకే పక్కన ఉంటే ఒకే అర్ధగోళం పని ముగించగలదు. రెండు పక్కలా ఉంటే రెండూ మాట్లాడుకోవాలి. అక్షరాలను 200 మిల్లీసెకన్ల లోపే చూపించి తీసేస్తారు. కన్ను ఒక చోటినుంచి మరో చోటికి దూకడానికి సుమారు అంత సమయం పడుతుంది కాబట్టి, అంతకు మించి ఉంచితే చూపు జరిగి ‘ఎడమ’, ‘కుడి’ అన్న తేడాయే పోతుంది.

రెండు అక్షరాలూ అచ్చంగా ఒకేలా ఉన్నాయా అని అడిగినప్పుడు జత ఒకే పక్కన ఉంటేనే జవాబు త్వరగా వచ్చింది. అదే ఇంగ్లీషు పెద్దబడి ‘A’, చిన్నబడి ‘a’ చూపించి రెండింటి పేరూ ఒకటేనా అంటే ఫలితం తిరగబడింది. జత రెండు పక్కలా ఉన్నప్పుడే వేగం. ఆకారం పోల్చడం చూపుకే దొరికే తేలిక పని, పేరు పోల్చాలంటే ఒక మెట్టు అదనం. కుర్చీ జరపడానికి ఇద్దరు చేయి వేస్తే ఒకరికొకరు అడ్డం, బీరువా అయితే ఇద్దరూ కావాలి. పని బరువు దాటే చోటు ఒకటుంది, అక్కడి నుంచే వంతెన ఖర్చు గిట్టుబాటు అవుతుంది. అంతకు ముందు పంపకం నష్టమే. ‘రెండు మెదళ్ళూ కలిపి వాడితే ఏ పనైనా మెరుగు’ అనే ప్రచారానికి ఇంతకన్నా సూటి జవాబు లేదు.

2005లో అల్వరెజ్, కవానా ఇంకో పక్క నుంచి వచ్చారు. తెర మీద ఒకేలా తిరిగే చుక్కల్లో కొన్నింటిని కనిపెట్టుకుని ఉండాలి. అవన్నీ చూపుకు ఒకే పక్కన ఉన్నప్పుడు ఎన్నింటిని పట్టుకోగలిగారో, రెండు పక్కలా పంచినప్పుడు దాదాపు రెట్టింపు పట్టుకోగలిగారు. ఒకే పక్కన పైనా కిందా విడగొడితే ఈ లాభం రాలేదు. అంటే కదిలేవాటిని వెంబడించే పనిలో రెండు అర్ధగోళాలకూ వేరువేరు నిల్వలున్నాయి.

సర్వర్ల డాష్‌బోర్డులు, సీసీ కెమెరాల తెరలు చూస్తూ కూర్చునేవాళ్ళకు ఇది వినగానే ఒక ఆలోచన వస్తుంది: ముఖ్యమైన కిటికీలను తెరకు ఎడమ సగంలో రెండు, కుడి సగంలో రెండు పెట్టుకుందామని. అది పనిచేయాలంటే చూపు తెర మధ్యలో నిలిపి, రెండు పక్కలనూ కంటి కొసలతో గమనించాలి. ఎడమ కిటికీలోని అంకె చదవడానికి చూపు అటు తిప్పిన మరుక్షణం మిగతావాటిలో ఎక్కువభాగం కుడి పక్కకే వచ్చేస్తాయి, పంపకం చెడిపోతుంది. కాబట్టి చదవాల్సిన వాటికి ఈ ఏర్పాటు దండగ. రంగు మారడం, మెరవడం, కదలడం లాంటి సంకేతాలకైతే పనికొస్తుంది.

ఒకే గూటిలో రెండు పనులు

సాయం అందకపోవడమే కాదు, అడ్డం పడటమూ ఉంది. కుడిచేతివాటం వారిలో సుమారు 95 శాతానికి, ఎడమచేతివాటం వారిలో సుమారు 70 శాతానికి మాట ఎడమ అర్ధగోళంలోనే నడుస్తుంది. కుడి చేతిని నడిపేదీ అదే. 1971లో కిన్స్‌బోర్న్, కుక్ కర్ర పుల్లను వేలి మీద నిలబెట్టమని, మధ్యలో మాట్లాడించి చూశారు. మాట్లాడుతుంటే కుడి వేలి మీది పుల్ల త్వరగా పడిపోయింది. ఎడమ వేలికి ఆ నష్టం రాలేదు, పైగా కాస్త ఎక్కువసేపే నిలిచింది.

దీన్ని ల్యాప్‌టాప్ మీద చూడొచ్చు. ఖాళీ ఫైలు తెరిచి, ఒకే మీటను చూపుడు వేలితో 20 సెకన్లపాటు వీలైనంత వేగంగా కొట్టి, ఎన్ని అక్షరాలు పడ్డాయో చూడాలి. కుడి వేలితో మౌనంగా మూడుసార్లు, మాట్లాడుతూ మూడుసార్లు, ఎడమ వేలితోనూ అంతే. మౌనం, మాట ఒకదాని తర్వాత ఒకటి రావాలి, మధ్యలో అర నిమిషం విరామం ఉండాలి. మాట అంటే కంఠతా వచ్చిన పద్యమో, ఎక్కమో కాదు. అవి వాటంతటవే దొర్లిపోతాయి, మెదడుకు బరువుండదు. ‘క’తో మొదలయ్యే మాటలు, ఊళ్ళపేర్లూ మనుషుల పేర్లూ కాకుండా, ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పకుండా పైకి అనాలి. తర్వాత శాతం కట్టాలి: మౌనంగా 100 పడి, మాట్లాడుతూ 90 పడితే తగ్గుదల 10 శాతం. విడి అంకెలు పోల్చకూడదు, ఎందుకంటే కుడిచేతివాటం వారికి కుడి వేలు మొదటినుంచీ వేగమే.

పాడయ్యేది ఎక్కువగా మూడు చోట్ల. మీట మీంచి వేలు పూర్తిగా లేవకపోతే కంప్యూటర్ తానే అక్షరాలు కుప్పపోస్తుంది. వేగం కాపాడుకోవాలనే పట్టుదలతో మాటలు తగ్గించేస్తే తగ్గుదల కనబడదు, అందుకే చెప్పిన మాటల సంఖ్య కూడా రాసుకోవాలి. మూడోది, రెండు చేతులూ కొంత తగ్గడం సహజం. రెండు పనులు చేస్తున్నామన్న సాధారణ ఖర్చు అది. చూడాల్సింది కుడి చేతికి అంతకు మించి ఎంత తగ్గిందన్నదే. ఆ తేడా చిన్నది, ఒక్క మనిషి ఒక్క రోజు లెక్కతో తేల్చేది కాదు. నలుగురైదుగురిని కూర్చోబెడితే కనబడే అవకాశం ఎక్కువ.

అలాగైతే వేరువేరు అర్ధగోళాలు వాడే పనులను జోడిస్తే ఇబ్బంది ఉండదా? అవుటర్ రింగ్ రోడ్డు మీద హెల్మెట్‌లో ఇయర్‌ఫోన్ పెట్టుకుని మేనేజరు కాల్ వింటూ బండి నడిపేవాళ్ళ నమ్మకం అదే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 2008లో వెలువడిన అధ్యయనం దీన్ని స్కానర్‌లోనే పరీక్షించింది. సిమ్యులేటర్‌లో కారు నడుపుతూ కొన్ని వాక్యాలు విని, నిజమో అబద్ధమో చెప్పాలి. ఫోన్ చేత్తో పట్టుకోలేదు, సంభాషణా లేదు, వినడమే. అయినా దారి, దూరం లెక్కగట్టే పెరైటల్ ప్రాంతంలో చలనం 37 శాతం తగ్గింది, బండి దారి తప్పడం పెరిగింది. మాట, దారి మెదడులో వేరువేరు చోట్ల ఉన్నా రెండింటికీ ఉమ్మడి నిల్వ ఒకటి ఉందని అర్థం. వెనక సీట్లో కూర్చున్నవాడు ఎదురుగా బస్సు చూస్తే మాట ఆపేస్తాడు. ఫోన్ అవతలి మనిషికి బస్సు కనపడదు.

ఎన్ని పనులు మనసులో పట్టి ఉంచగలమన్న లెక్కలోనూ అర్ధగోళాల సంఖ్య తొంగిచూస్తుంది. పారిస్‌లో షారోన్, కెష్లాన్ 2010లో ఒకటి, తర్వాత రెండు పనులు ఒకేసారి అప్పగించి చూశారు. ఒకే పని ఉన్నప్పుడు ముందరి భాగంలో రెండు వైపులా దానికోసమే నడిచాయి. రెండో పని చేరగానే ఒక లక్ష్యం ఎడమ వైపుకు, రెండోది కుడికి సర్దుకున్నాయి. మూడోది ఇస్తే తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. ఇక్కడ రెండు పనులూ ఒకే క్షణంలో నడవడం లేదు. ఒకదాన్ని నిలిపి మరొకదానికి మారుతున్నారు, నిలిపినదాన్ని మరిచిపోకుండా ఉండటమే ఆ సర్దుబాటు. మీటింగ్, చాట్, కోడు మూడూ తెరిచి పెట్టుకునేవాళ్ళు ఏదో ఒకటి ఎందుకు జారవిడుస్తారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

వయసు మీద పడ్డాక పంపకం ముందే మొదలవుతుంది. కుర్రవాళ్ళు ముందరి మెదడులో ఒక వైపుతోనే లాగించే జ్ఞాపకం పనులకు పెద్దవాళ్ళు రెండు వైపులూ వాడటాన్ని రాబర్టో కబేజా 2002లో ఒక నమూనాగా చూపించాడు. సాయం ముందే పిలిచేశారు కాబట్టి పని ఇంకా బరువెక్కితే కొత్తగా పిలవడానికి ఎవరూ మిగలరు. తేలిక పనిలో పిల్లలతో సమానంగా ఉన్న అమ్మానాన్నలు, అదే పని తొందరపెడితే తడబడటం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

కుడి వైపు మోసే అదనపు బరువు

ఇంతవరకూ రెండు సగాలూ సమానమైనట్టే మాట్లాడుకున్నాం. ధ్యాస విషయంలో అవి సమానం కావు. ఎడమ అర్ధగోళం ప్రధానంగా కుడి పక్కను కనిపెడుతుంది. కుడి అర్ధగోళం రెండు పక్కలనూ కనిపెడుతుంది. 1980లో హైల్‌మన్, వాన్ డెన్ అబెల్ మెదడు తరంగాలు కొలిచి ఈ మాట చెప్పారు. ఎడమ వైపు దెబ్బ తగిలితే కుడిది ఆదుకుంటుంది. కుడికి తగిలితే ఎడమ పక్కను చూసేవాడే ఉండడు.

కుడి మెదడుకు పక్షవాతం దెబ్బ తగిలినవాళ్ళలో కనబడే ఆ స్థితిని నెగ్లెక్ట్ అంటారు. కంచంలో కుడి సగం కూర, అన్నం అయిపోతాయి, ఎడమన వేసిన పచ్చడి, అప్పడం అలాగే ఉంటాయి. ‘ఇంకా వడ్డించలేదేం?’ అని అడుగుతారు. కంచం గుండ్రంగా తిప్పితే తింటారు. గడ్డం కుడి సగమే గీసుకుంటారు, చొక్కాకు ఒక చేయే తొడుగుతారు. కన్ను బాగానే ఉంటుంది. చూపు సగం పోయినవాడికి ఆ సంగతి తెలిసి తల తిప్పి చూస్తాడు. నెగ్లెక్ట్ ఉన్నవాడికి అటు ఒక పక్క ఉందన్న ఊసే ఉండదు. 1978లో మిలాన్‌లో బిసియాక్, లుజాటి తమ రోగులను ఆ ఊరి ప్రధాన చౌరస్తాను తలచుకుని వర్ణించమన్నారు. ఒక కొసన నిలబడినట్టు ఊహిస్తే కుడి పక్క భవనాలే చెప్పారు. అవతలి కొస నుంచి ఊహించమంటే ఇందాక వదిలేసినవే చెప్పారు. జ్ఞాపకం చెక్కుచెదరలేదు, దానిలోని ఎడమ పక్కకే ధ్యాస అందలేదు.

దీనికి ఇంకో వివరణ కిన్స్‌బోర్న్‌ది. రెండు అర్ధగోళాలూ ధ్యాసను ఎదుటి పక్కకు లాగుతుంటాయి, ఒకటి సడలితే రెండోది మొత్తాన్నీ తన ఎదుటి పక్కకే లాగేస్తుందని. దానికీ బలమైన ఆధారం ఉంది. కుడి వైపు స్ట్రోక్‌తో నెగ్లెక్ట్ వచ్చిన ఒక రోగికి తర్వాత ఎడమ ముందరి భాగంలోనూ స్ట్రోక్ వచ్చింది, దాంతో నెగ్లెక్ట్ మాయమైంది. 1996లో నమోదైన కేసు అది. రెండు వివరణల్లో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన పని లేదనిపిస్తుంది. లాగుడు ఉంది, లాగేవాళ్ళ బలం సమానం కాదు.

కుడి అర్ధగోళానికి మరో బాధ్యత కూడా ఉంది: మెలకువను నిలబెట్టడం. నెగ్లెక్ట్ రోగులకు ఎడమ పక్క జరిగింది కుడి పక్కదానికన్నా సుమారు అర సెకను ఆలస్యంగా తెలుస్తుంది. ముందుగా ఒక పెద్ద శబ్దం వినిపిస్తే ఆ ఆలస్యం కాసేపు పోతుందని ఇయాన్ రాబర్ట్‌సన్ బృందం 1998లో చూపించింది. ఇది ఆరోగ్యవంతులకూ వర్తిస్తుంది. 2014 నాటి ఒక ప్రయోగంలో కునికిపాట్లు పడుతున్నవాళ్ళు ఎడమ నుంచి వచ్చిన శబ్దాలను కుడి నుంచి వచ్చాయని పొరబడటం ఎక్కువైంది. శబ్దాల మీద చేసిన ప్రయోగాన్ని నేరుగా రోడ్డు మీదికి తేలేం. అయినా రాత్రంతా బెంగళూరు నుంచి అనంతపురం మీదుగా హైదరాబాద్ కారు నడిపేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవచ్చు: మన రోడ్ల మీద దీపాల్లేని లారీలు ఆగి ఉండేది ఎడమ అంచునే.

కుడి వైపు స్ట్రోక్‌ను గుర్తించడమే ఆలస్యమవుతుంది. మనిషి చక్కగా మాట్లాడుతుంటాడు, ‘నాకేం కాలేదు’ అంటాడు, ఇంట్లోవాళ్ళు నమ్ముతారు. రక్తపు గడ్డ కరిగించే మందుకు గడువు మామూలుగా లక్షణాలు మొదలయ్యాక 4.5 గంటలు. ఆస్పత్రిలో తీవ్రత కొలిచే ఎన్ఐహెచ్ఎస్ఎస్ స్కేలులో మొత్తం 42 మార్కులుంటే, మాటతో ముడిపడినవి 7, నెగ్లెక్ట్‌కు 2 మాత్రమే. 108కి ఫోన్ చేసినప్పుడు, ఎమర్జెన్సీలో చేరినప్పుడు ‘ఎడమ పక్క చూడట్లేదు, ఎడమ పక్క నిలబడితే పలకట్లేదు’ అని ఇంట్లోవాళ్ళే చెప్పాలి. తెలుగు తప్ప రాని పెద్దవాళ్ళయితే ఆ మాట కూడా చెప్పాలి. కన్నడంలో అడిగిన ప్రశ్నకు జవాబివ్వకపోతే మాట పోయిందని మార్కు పడే ప్రమాదం ఉంది.

ఇంటికొచ్చాక చేయగలిగే పరీక్ష తేలికైనది. అడ్డంగా పెట్టిన తెల్ల కాగితం మీద 20 సెంటీమీటర్ల గీత, రోగి ఛాతీకి సరిగ్గా ఎదురుగా. మధ్యలో గుర్తు పెట్టమనాలి. ఆరోగ్యవంతులు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎడమకు జరుగుతారు, అది మామూలే. పదేపదే బాగా కుడికి పోతుంటే న్యూరాలజిస్టుకు చూపించాలి. పొద్దున, సాయంత్రం రెండుసార్లూ చేయించడం మేలు, అలిసిపోతే తేడా పెరుగుతుంది.

మంచినీళ్ళు, పిలిచే బెల్లు కుడి పక్కనే ఉండాలి, అవి సాధన కోసం కాదు. మనుషులు మాత్రం మొదట కుడిన కూర్చుని మాట్లాడుతూ, రోజులు గడిచేకొద్దీ కుర్చీని మధ్యకు, తర్వాత ఎడమకు జరపాలి. పేపరు ఎడమ అంచున ఎర్ర టేపు అంటించి, ప్రతి వరుసకూ ‘ఎర్ర గీత కనబడేదాకా వెనక్కి రండి’ అనాలి. ఎడమ చేతి వేళ్ళు ఏ కొంచెం కదిలినా, ఎడమ పక్కనే పెట్టి కదిలించమనాలి. ఆ చిన్న కదలిక అటువైపు ధ్యాసను లేపుతుంది. చక్రాల కుర్చీలో ఎడమ చేయి జారి చక్రంలో పడకుండా ఒడిలో పెట్టాలి. చూపును 10 డిగ్రీలు కుడికి జరిపే పట్టకం కళ్ళద్దాలతో, 50 సార్లు వేలితో గురి చూపించే సాధనను 1998లో లియోన్‌లో రొసెట్టి బృందం ప్రవేశపెట్టింది. కొద్ది నిమిషాల పనికి కనీసం 2 గంటల మెరుగు కనబడింది. తర్వాతి పరీక్షల ఫలితాలు కలగాపులగం, ఫిజియోథెరపిస్టు చేయిస్తానంటే కాదనక్కర్లేదు, దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు.

నెలలు గడిచాక కాగితం మీది గీతలన్నీ సరిగ్గా వస్తాయి, మనిషి స్కూటర్ తాళం అడుగుతాడు. అక్కడ పని బరువు మళ్ళీ అడ్డం వస్తుంది. కాగితం పరీక్షలు నెగ్గినవాళ్ళకే కంప్యూటర్ మీద, ఇంకో పని జోడించి, పక్కల మెరుపులు గుర్తించమంటే ఎడమవి తప్పిపోవడాన్ని ఇటలీలో మారియో బొనాటో బృందం చూపించింది. ఖాళీ కాగితం ముందు సరిపోయిన ధ్యాస, ఆటో, సిగ్నలు, వెనక హారను కలిసొచ్చినప్పుడు చాలదు. బండి నడపొచ్చా అన్న ప్రశ్న అలా రెండు పనులు కలిపి పెట్టిన పరీక్ష తర్వాతే అడగాలి.